ఏ గేరులో ఎక్కితే ఆ గేరులో దిగాల

మా చెల్లెలి మనవడికి పుట్టెంట్రుకలు తీయించను గౌనిపల్లి నుంచి తిరుమలకు బయలుదేరినాం. టెంపోలో పిల్లాజెల్లా కలిపి పద్నాలుగు మంది. మదనపల్లె, పీలేరు దాటి భాకరాపేట కనుమ దగ్గరికి వచ్చేసరికి బాగా చీకటి పడింది. ఆడవాళ్ళు కొందరు నిద్రలో ఉన్నారు. దిగుడు మొదలయ్యేసరికి ఇంజను చప్పుడు ఒక్కసారిగా తగ్గిపోయింది. బండి మాత్రం జోరందుకుంది. నాలుగు మలుపులు తిరిగేలోగా లోపలికి ఒక వాసన వచ్చింది, రబ్బరు కాల్చినట్టు, చేదుగా.

వెనక సీటులో మా పెద్దబావ కూచోనుండినాడు. మిల్లు మూసినాక ఇరవై ఏండ్లు లారీ నడిపిన మనిషి. ఆయన లేచి, కమ్మీ పట్టుకొని ముందుకు పోయి, డ్రైవరు భుజం మీద చెయ్యేసినాడు.

"నాయనా, న్యూట్రల్‌లో వదిలినావా?"

"అవును మామా. దిగుడే కదా, డీజిలు మిగుల్తుందని."

"మెల్లిగా బ్రేకు తొక్కి స్పీడు తగ్గించు. మూడులో వెయ్యి. ఇంకా తగ్గినాక రెండులో వెయ్యి. ఆమీట బ్రేకు మీంచి కాలు తియ్యి."

పిల్లవాడు మంచోడు. చెప్పినట్టే చేసినాడు. ఇంజను గట్టిగా మూలిగింది, బండి పట్టుకున్నట్టు ఆగి ఆగి దిగింది. కిందికి వచ్చినాక అందరమూ దిగి టీ తాగినాం. చక్రాల దగ్గరికి చెయ్యి తీసుకుపోతే సెగ కొడతా ఉండింది.

ఆ కనుమలోనే 2022 మార్చిలో ధర్మవరం నుంచి తిరుపతికి నిశ్చితార్థానికి పోతున్న బస్సు లోయలో పడి పలువురు చనిపోయినారు. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సూ లారీ గుద్దుకొని ఎన్నో ఇండ్లలో దీపాలు ఆరిపోయినాయి. ఒక్కో ప్రమాదానికి ఒక్కో కారణం ఉంటుంది, అది తేల్చేది మనం కాదు. కానీ కొండ దిగేటప్పుడు మన చేతిలో ఉండే ఒక్క సంగతి మాత్రం చెప్పుకోవాల. అది గేరు.

మనం ఎత్తులో ఉన్నాం

కోలారు జిల్లా సముద్ర మట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తులో ఉండాది. మన నేల చదునుగా కనిపిస్తుంది కాబట్టి ఆ సంగతి మనకు తెలీదు. కానీ ఇక్కణ్ణుంచి తూర్పుకు ఏ దోవన పోయినా ఎక్కడో ఒకచోట దిగాల్సిందే. ముళబాగిలు, పలమనేరు మీద చిత్తూరుకు పోతే మొగిలి ఘాట్. మదనపల్లె మీద తిరుపతికి పోతే భాకరాపేట కనుమ.

ఇందులో ఇంకో చిక్కు ఉండాది. మన టమాటా, మన శ్రీనివాసపురం మామిడికాయ చెన్నైకి పోయేటప్పుడు నిండు లోడుతో దిగుతాయి. తిరిగి వచ్చేటప్పుడు చాలాసార్లు ఖాళీ బండి ఎక్కుతుంది. అంటే బరువంతా దిగుడు మీదే పడుతుంది. మనవాళ్ళు ఎక్కేటప్పుడు ఇంజను గురించి దిగులు పడతారు, దిగేటప్పుడు కాళ్ళు చాపుకుంటారు. జాగ్రత్త కావాల్సింది దిగేటప్పుడే.

ఆ వేడి ఎంత?

తిరుమల నుంచి అలిపిరికి దిగితే ఎత్తు సుమారు 700 మీటర్లు తగ్గుతుంది. మనుషులతో, మూటలతో కలిపి 4 టన్నుల బరువుండే టెంపో అంత ఎత్తు దిగితే పుట్టే శక్తిని లెక్క కడితే, దాదాపు 90 లీటర్ల చన్నీళ్ళు తెర్లేంత వేడి. మన ఇంట్లో బిందెలతో చూస్తే ఆరేడు బిందెల నీళ్ళు. ఆ వేడి ఎక్కడికో ఒకచోటికి పోవాల కదా. గేరు లేకుండా బ్రేకు ఒక్కటే తొక్కితే, కొంత గాలికి పోయినా, మిగతాదంతా చక్రాల దగ్గరుండే డ్రమ్ములూ లైనర్లూ మింగాల్సిందే.

అట్లా కాగినప్పుడు మూడు సంగతులు జరుగుతాయి. లైనరు వేడెక్కి పట్టు తప్పుతుంది. ఇనుప డ్రమ్ము వేడికి వ్యాకోచించి లైనరుకు దూరం జరుగుతుంది, పెడలు ఇంకా లోపలికి పోతుంది. చిన్న బండ్లలో బ్రేకు ఆయిలు కూడా మరుగుతుంది. డాట్-3 అనే మామూలు ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. కాలం గడిచేకొద్దీ అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, అప్పుడు 140 డిగ్రీలకే మరిగిపోవచ్చు. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కితే నొక్కుకుపోతుంది కాబట్టి పెడలు మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. "బ్రేకు ఫెయిలయింది" అని మనం అనే మాట వెనక చాలాసార్లు ఉండేది ఈ వేడే. అందుకే బ్రేకు ఆయిలు రెండేండ్లకొకసారన్నా మార్పించాల.

ఇంజను బండిని ఎట్లా పట్టుకుంటుంది?

గేరులో ఉండి ఆక్సిలేటరు వదిలితే ఇంజను బండిని లాగదు, చక్రాలే ఇంజనును తిప్పాల్సి వస్తుంది. ఉత్తపుణ్యానికి తిరిగే పని కాదది. లోపల పిస్టన్ల రాపిడి, గాలిని పీల్చి బయటికి తోసే కష్టం, పంపులు తిప్పే కష్టం, అన్నీ బండిని వెనక్కి పట్టుకుంటాయి. ఆ వేడి రేడియేటరులోంచీ సైలెన్సరులోంచీ బయటికి పోతుంది. ఎంతసేపైనా ఆ పని చెయ్యను ఇంజను తయారుగా ఉంటుంది, లైనర్లు అట్లా ఉండవు.

చిన్న గేరు వేస్తే చక్రం ఒక చుట్టు తిరిగేలోగా ఇంజను ఎక్కువ చుట్లు తిరుగుతుంది, పట్టు ఎక్కువవుతుంది. అయిదో గేరులో ఆ పట్టు ఉన్నా లేనట్టే. న్యూట్రల్‌లో అస్సలు ఉండదు.

డీజిలు ఇంజనుకు పెట్రోలు ఇంజనంత పట్టు స్వతహాగా ఉండదు. అందుకే లారీలకూ బస్సులకూ ఎగ్జాస్టు బ్రేకు పెడతారు. అది పొగగొట్టంలో ఒక మూత. స్విచ్చి వేస్తే మూత మూసుకుంటుంది, పొగ బయటికి పోలేక ఇంజను తిరగడం కష్టమవుతుంది, బండి నెమ్మదిస్తుంది. అది కూడా చిన్న గేరులో ఉంటేనే బాగా పనిచేస్తుంది.

న్యూట్రల్‌లో డీజిలు మిగలదు

ఇది బాగా గుర్తుపెట్టుకోవాల్సిన మాట. గేరులో ఉండి ఆక్సిలేటరు వదిలినప్పుడు ఈ కాలం ఇంజన్లు డీజిలు పొయ్యడమే ఆపేస్తాయి. చక్రాలే ఇంజనును తిప్పుతున్నాయి కదా, డీజిలుతో పనేముంది? న్యూట్రల్‌లో వేస్తే మాత్రం ఇంజను ఆగిపోకుండా ఉండను కొంచెం కొంచెంగా పోస్తూనే ఉండాల. అంటే మిగులుతుందని మనం చేసే పనిలోనే ఖర్చు ఉండాది. ఇంజను అరిస్తే డీజిలు తాగుతుందనుకుంటాం. దిగుడులో కాలు తీసినప్పుడు ఆ అరుపుకు డీజిలు ఖర్చే లేదు.

ఇంజను ఆఫ్ చేసి దిగడం ఇంకా ఘోరం. పవర్ స్టీరింగు బరువెక్కుతుంది. బ్రేకు బూస్టరుకు, గాలి బ్రేకులకు బలం ఇచ్చేది ఇంజనే. అది ఆగిపోతే రెండు మూడు తొక్కుళ్ళలో ఆ బలం అయిపోతుంది.

ఏ గేరు?

పాత డ్రైవర్ల లెక్క సులువు. ఆ కొండ ఎక్కను ఏ గేరు కావాలో ఆ గేరులోనే దిగాల. పాత బండ్లకు ఇది సరిపోయింది. ఇప్పటి ఇంజన్లు బలమైనవి, మూడో గేరులో కూడా గబగబా ఎక్కేస్తాయి. అందుకని కొత్త బండ్లలో ఇంకొక గేరు తగ్గించుకోవడం మేలు.

గేరు మార్చాల్సింది దిగుడు మొదలు కాకముందే. సగం దిగినాక, బండి జోరు మీద ఉన్నప్పుడు క్లచ్చు తొక్కి చిన్న గేరు వెయ్యబోతే గేరు పడకపోవచ్చు. అప్పుడు బండి న్యూట్రల్‌లో ఇరుక్కుంటుంది. గేరు సరిగ్గా ఉందో లేదో తెలుసుకునే గుర్తు ఒకటుంది. మాటిమాటికీ బ్రేకు తొక్కాల్సి వస్తుంటే గేరు పెద్దదైందని అర్థం. ముల్లు ఎర్రగీత దగ్గరికి పోతుంటే బ్రేకుతో కొంచెం తగ్గించాల.

బ్రేకు మీద కాలు ఆనించి పెట్టుకోగూడదు. 30లో పోవాలనుకుంటే, 30 దాటేటప్పుడు గట్టిగా తొక్కి 20కి తెచ్చి పూర్తిగా వదిలెయ్యాల. ఆ వదిలిన కాసేపట్లోనే డ్రమ్ము చల్లారుతుంది. వాన తడి ఉన్నప్పుడు గేరు మెల్లిగా మార్చాల, లేకపోతే వెనక చక్రాలు జారతాయి.

క్లచ్చు లేని బండ్లలో

ఇప్పుడు మన పిల్లలు టాక్సీకి కొనే కార్లలో క్లచ్చు లేనివి ఎక్కువైనాయి. 'డి'లో పెడితే అదే చూసుకుంటుందని అనుకుంటారు. దిగుడులో చాలా బండ్లు చూసుకోవు. కాలు తీస్తే, చదును రోడ్డు మీద హాయిగా పోతున్నారనుకొని ఇంకా పెద్ద గేరుకు పోతాయి. కాబట్టి కొండ మీదే గేరు రాడ్డు 'ఎం' వైపుకు జరిపి, మైనస్ వైపు నొక్కి రెండో గేరుకో మూడో గేరుకో తెచ్చుకోవాల. కొన్నిట్లో 'ఎల్' అనో '2' అనో ఉంటుంది, పని అదే. స్పీడు మరీ ఎక్కువుంటే అది చిన్న గేరుకు ఒప్పుకోదు. అప్పుడు ముందు బ్రేకుతో తగ్గించి మళ్ళీ నొక్కాల.

అమెరికాలో చక్రాల మీద ఇల్లు కట్టుకున్నట్టుండే పెద్ద మోటారు హోంలు ఉంటాయి. మంచాలు, పొయ్యి, నీళ్ళ ట్యాంకు అన్నీ లోపలే. అంత బరువు కొండ దిగను చాలావాటిలో 'టో-హాల్' అనే బటన్ ఉంటుంది. అది నొక్కి ఉంచితే, బ్రేకు తొక్కినప్పుడు గేరుబాక్సే చిన్న గేరుకు దిగి ఇంజనుతో బండిని పట్టుకుంటుంది. మన పెద్దబావ చెప్పిన మాటనే వాళ్ళు బటన్‌లో పెట్టుకున్నారు.

2022 సెప్టెంబరులో తిరుమల ఘాట్‌కు వచ్చిన ఆర్టీసీ కరెంటు బస్సులది ఇంకో పద్ధతి. దిగేటప్పుడు మోటారే డైనమో అయి బండిని పట్టుకుంటుంది, ఆ కరెంటు తిరిగి బ్యాటరీకి పోతుంది.

నలభై నిమిషాలు ఎందుకు?

తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో మొదలైంది. దాని రూపకల్పనలో చెయ్యి ఉన్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్ళి అప్పట్లో మన కోలారు జిల్లాదే. 1974లో రెండో రోడ్డు వచ్చినాక ఎక్కను అది, దిగను పాతది. ఎక్కను కనీసం 28 నిమిషాలు, దిగను కనీసం 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం నియమం పెట్టింది. ఎక్కేదానికంటే దిగేదానికి ఎక్కువ టైము ఎందుకిచ్చినారో ఇప్పుడు మీకు తెలిసిపోయింది. రెండో గేరులో మెల్లిగా దిగమని చెప్పే లెక్క అది.

డ్రైవరు ఒక్కడిదే తప్పా?

ఆ రాత్రి టీ కొట్టు దగ్గర డ్రైవరు పిల్లవాడు పెద్దబావతో అన్న మాట నాకు ఇంకా గుర్తుంది. "ఓనరు లీటరుకు ఇన్ని కిలోమీటర్లని లెక్క అడుగుతాడు మామా. తగ్గితే బేటాలో కోస్తాడు. లైనర్లు మార్చమంటే వచ్చే నెల అంటాడు."

మిల్లులు మూతపడినాక మన కాలనీల్లో ఎంతోమంది స్టీరింగు పట్టుకున్నారు. మగ్గం దగ్గర రక్షణ అడిగి సాధించుకున్నవాళ్ళం, బండి దగ్గర ఎందుకు అడగకూడదు? లైనరు ఖర్చు ఓనరుది, ప్రాణం డ్రైవరుది, వెనక కూచున్న పద్నాలుగు మందిది. డీజిలు లెక్క అడిగే ఓనరుకు, న్యూట్రల్‌లో డీజిలు మిగలదని చెప్పండి. బండి మాట్లాడుకునేటప్పుడు బాడుగ ఒక్కటే అడగొద్దు, బ్రేకులు ఎప్పుడు చేయించినారో కూడా అడగండి.

బండిలో కూచున్నవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సినవి

1. కొండ మీద బయలుదేరేటప్పుడే "ఏ గేరులో దిగుతావప్పా?" అని అడగండి. తప్పేమీ కాదు.

2. దిగుడులో ఇంజను చప్పుడు లేకపోతే న్యూట్రల్‌లో ఉన్నట్టే. వెంటనే చెప్పండి.

3. చేదు వాసన వస్తే చదునైన చోట ఆపించి అరగంట చల్లారనివ్వండి. కాగిన డ్రమ్ము మీద నీళ్ళు పొయ్యొద్దు, పగులుతుంది. హ్యాండ్ బ్రేకు లాగకుండా గేరులో పెట్టి, చక్రాల కింద రాళ్ళు పెట్టండి.

4. పెడలు లోపలికి పోతుంటే డ్రైవరు ఒక్కో గేరూ తగ్గిస్తూ, పెడలును మాటిమాటికీ కొట్టి, హ్యాండ్ బ్రేకు మెల్లిమెల్లిగా లాగాల. ఇంజను ఆఫ్ చెయ్యకూడదు. తప్పకపోతే లోయ వైపు కాకుండా కొండ వైపు గట్టుకు ఒరిపించాల.

5. "తొందరగా పోనీ" అని వెనకనుంచి మనం అనకుండా ఉండాల. దర్శనం టికెట్టు టైము దాటిపోతుందని అనేది చాలాసార్లు మనమే.

మర్నాడు గుండు కొట్టించుకొని, నెత్తికి గంధం పూసుకొని పిల్లవాడు నవ్వతా ఉన్నాడు. తిరుగు ప్రయాణంలో ఘాట్ రోడ్డు మొదట్లోనే డ్రైవరు రెండో గేరు వేసి, అద్దంలోంచి పెద్దబావ వైపు చూసినాడు. ఆయన తల ఊపి, తుండుగుడ్డ ముఖం మీద కప్పుకొని నిద్రపోయినాడు. కొండ కింద దాకా ఆయన లేవలేదు.