అంకెలకు బాణీ కట్టేదెవరు?

ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టరు ప్రతిక్షణం తెర వైపే చూస్తూ ఉండలేరు. ఆ అవసరమూ లేదు. రోగి వేలికి తగిలించిన పల్స్ ఆక్సీమీటర్ నాడి కొట్టుకున్నప్పుడల్లా ‘బీప్’ అంటుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే ఆ బీప్ శ్రుతి కిందికి జారుతుంది. చేతులు వేరే పనిలో ఉన్నా చెవి ఆ మార్పును పట్టేస్తుంది. కొలతలను ఇలా శబ్దంగా వినిపించే పద్ధతి పేరు సోనిఫికేషన్ (దత్తాంశ ధ్వనీకరణ). రేడియోధార్మికతను టిక్కు టిక్కుమని చెప్పే గైగర్ కౌంటర్ దీనికి పాత ఉదాహరణ.

ఎలక్ట్రోఅకౌస్టిక్ సంగీతం (ధ్వనులను విద్యుత్ పరికరాలతో పుట్టించి, మలచి, లౌడ్‌స్పీకర్లలో వినిపించే సంగీతం) మరో దారిలో వచ్చింది. 1948లో పారిస్‌లో పియేర్ షేఫర్ రైళ్ల చప్పుళ్లను రికార్డు చేసి, వాటిని కలిపి, మళ్లీ మళ్లీ తిప్పి ఒక రచన చేశాడు. చప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో మరచిపోయి, దాన్ని దానిగా వినమన్నది ఆయన వాదం. సోనిఫికేషన్ కోరేది సరిగ్గా దీనికి ఎదురు. ధ్వని దగ్గర ఆగవద్దు, దాని వెనకున్న కొలతను వినమంటుంది.

కోరికలు వేరైనా పనిముట్లు ఒకటే. కంప్యూటరు, ధ్వనిని పుట్టించే ప్రోగ్రాము, లౌడ్‌స్పీకరు రెండింటికీ చాలు. అందుకే ఇవి తరచు కలిసిపోతాయి. ఎలా కలుస్తాయో చూడడానికి ఒక మంచి రచన ఉంది.

1970లో అమెరికా స్వరకర్త చార్లెస్ డాడ్జ్ ‘ఎర్త్స్ మాగ్నెటిక్ ఫీల్డ్’ వెలువరించాడు. సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహం భూమి అయస్కాంత క్షేత్రాన్ని కదిలిస్తూ ఉంటుంది. ఆ అలజడి ఎంతో చెప్పే సూచిక పేరు కేపీ. మూడు గంటలకొక విలువ చొప్పున రోజుకు 8, ఏడాదికి 2,920. డాడ్జ్ 1961 నాటి విలువలను తీసుకున్నాడు. ఈ సూచిక 0 నుంచి 9 వరకు మూడో వంతు మెట్లలో నడుస్తుంది కాబట్టి సాధ్యమైన విలువలు 28. ఏడు స్వరాల చొప్పున నాలుగు స్థాయిలు పేర్చినా సరిగ్గా 28. ఒక్కో విలువకు ఒక్కో స్వరం దక్కింది. ఈ జత కట్టడాన్నే మ్యాపింగ్ (ఏ కొలతకు ఏ ధ్వని అన్న ఒప్పందం) అంటారు.

ఇందులో భూమి వంతు ఎంత, డాడ్జ్ వంతు ఎంత? స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చే వరస భూమిది. స్వరాల మెట్లు, నాదగుణం, వేగం డాడ్జ్‌వి. అవే 28 విలువలను శంకరాభరణం మెట్ల మీద పెడితే వినేవారికి ఒక భావం కలుగుతుంది, కీరవాణి మెట్ల మీద పెడితే మరొకటి. అయస్కాంత క్షేత్రంలో మాత్రం ఏమీ మారలేదు.

వేగం సంగతి ఇంకా ముఖ్యం. భూమి నుంచి చూస్తే సూర్యుడు సుమారు 27 రోజులకొకసారి తన చుట్టూ తాను తిరుగుతాడు. అందువల్ల కొన్ని అలజడులు 27 రోజులకు మళ్లీ వస్తాయి. కేపీ సూచికను రూపొందించిన జర్మన్ శాస్త్రవేత్త జూలియస్ బార్టెల్స్ తన పటాల్లో ఒక్కో వరసకు 27 రోజులు పెట్టాడు. ఆ పునరావృతి కంటికి ఇట్టే కనబడుతుంది. చెవికి తెలియాలంటే ప్రతి స్వరానికీ ఒకే నిడివి ఉండాలి. అప్పుడు 216 స్వరాలకొకసారి ఆ పోలిక తిరిగొస్తుంది. డాడ్జ్ రచనలో వేగం మారుతూ ఉంటుంది. కాబట్టి దాన్ని విని 1961లో సూర్యుడి నడత చెప్పడం కష్టం. అది లోపం కాదు. ఆయన సంగీతం కట్టాడు, పరికరం కాదు.

ఈ తేడా ఇప్పుడు ఎందుకు పట్టించుకోవాలంటే, ‘అంతరిక్ష ధ్వనులు’ ఫోన్లలోకి వచ్చేశాయి. చంద్ర ఎక్స్‌రే అబ్జర్వేటరీ సమాచారంతో నాసా 2020 నుంచి ఇలాంటివి విడుదల చేస్తోంది. 2022లో వచ్చిన పెర్సియస్ గెలాక్సీ గుచ్ఛపు కృష్ణబిలం ధ్వనిని చాలామంది విన్నారు. అక్కడి వేడి వాయువులో పీడన తరంగాలు నిజంగానే ఉన్నాయి. 2003లోనే ఆ సంగతి తేలింది. కానీ వాటి శ్రుతి పియానో మధ్య స్వరానికి 57 స్థాయిలు కింద ఉంటుంది. ఒక్క తరంగం దాటడానికి కోటి ఏళ్ల దాకా పడుతుంది. ఎక్స్‌రే చిత్రంలోని తరంగాలను 57, 58 స్థాయిలు పైకి లేపాకే మనకు మూలుగు లాంటి ఆ ధ్వని వినిపించింది. నాసా ఈ సంగతి చెప్పింది. పంచుకునేటప్పుడు మాత్రం వివరణ రాలిపోయి, మైకు పెట్టి రికార్డు చేసినదన్నట్టు శబ్దం ఒక్కటే మిగులుతుంది. ఆ మూలుగు వింటే కలిగే భయాన్ని పుట్టించింది కృష్ణబిలమా, మ్యాపింగా అన్నది వినేవారికి తెలియదు.

అందుకే మ్యాపింగ్‌ను రచనతో పాటే ప్రకటించాలని నా అభిప్రాయం. దానివల్ల సంగీతానికి పోయేదేమీ లేదు. 1965లో స్వరకర్త ఆల్విన్ లూసియే తన మెదడు ఆల్ఫా తరంగాలతో డ్రమ్ములను మోగించాడు. కళ్లు మూసుకుని నెమ్మదించినప్పుడు ఆ తరంగాలు పెరుగుతాయి, కళ్లు తెరిస్తే తగ్గుతాయి. ఈ ఒక్క ముక్క తెలిసిన శ్రోత ఆ మోతలో మనిషి స్థితిని కూడా వినగలడు.

కొందరికి ఈ స్పష్టత వృత్తికే ఆధారం. ప్యూర్టోరికోకు చెందిన ఖగోళ శాస్త్రవేత్త వాండా డియాజ్-మెర్సెడ్ చూపు కోల్పోయాక నక్షత్రాల సమాచారాన్ని ధ్వనిగా మార్చుకుని పరిశోధన సాగించారు. చూపున్నవారు సైతం గ్రాఫుతో పాటు ధ్వనినీ వింటే బలహీనమైన సంకేతాలను మెరుగ్గా గుర్తిస్తారని ఆమె పరిశోధన చూపింది.