ఐరోపా యుద్ధం, మన ఊరి పొలిమేర

తిరువళ్లూరు, తిరుత్తణి బళ్లలో తెలుగులో సాంఘికశాస్త్రం చెప్పే మాకు ఏడేళ్ల యుద్ధం పాఠం వచ్చినప్పుడల్లా వెనక బెంచీ నుంచి ఒక ప్రశ్న ఎదురవుతుంది. "ఇంగ్లండు, ఫ్రాన్సు కొట్టుకుంటే మనకేమి సార్?" ఇదే పిల్లలను బయట ఇంకో ప్రశ్న అడుగుతుంటారు. "మీ వాళ్లు ఆంధ్రా నుంచి ఎప్పుడొచ్చారు?" మొదటి ప్రశ్నకు సరిగా జవాబు చెప్పగలిగితే రెండోదానికి పిల్లలే జవాబు చెప్పుకుంటారని మా అనుభవం.

1756 నుంచి 1763 వరకు జరిగిన ఈ యుద్ధాన్ని పాత పుస్తకాల్లో సప్తవర్ష సంగ్రామం అన్నారు. అమెరికా అడవుల్లో అయితే కాల్పులు 1754లోనే మొదలయ్యాయి కాబట్టి అక్కడివాళ్ల లెక్కకు ఏడేళ్లు చాలవు. సైలీషియా ఎవరిదని ప్రష్యా, ఆస్ట్రియాల తగాదా. ఉత్తర అమెరికా ఎవరిదని ఇంగ్లండు, ఫ్రాన్సుల తగాదా. ఐరోపాలో, అమెరికాలో, కరీబియన్ దీవుల్లో, ఆఫ్రికా తీరంలో, మన కర్ణాటకంలో తుపాకులు పేలాయి. పాఠం ఇక్కడిదాకా చదివేసరికి పిల్లకాయలకు ఆవులింతలు వస్తాయి. అందుకే మేం పటాన్ని పక్కన పెట్టి బొబ్బిలి దగ్గర మొదలుపెడతాం.

బొబ్బిలి యుద్ధం సినిమా తెలియని తెలుగు ఇల్లు తమిళనాట కూడా తక్కువే. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులతో వచ్చిన బుస్సీ ఫ్రెంచి సేనాని. బొబ్బిలికి, విజయనగరానికి ఉన్న పగ వాళ్ల సొంతం. పారిస్‌కూ లండన్‌కూ దానితో పని లేదు. కానీ ఆ ఫ్రెంచి సైన్యం అక్కడెందుకుంది? నిజాం సలాబత్ జంగ్ 1753లో ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను బుస్సీ సైన్యం ఖర్చుల కింద రాసిచ్చాడు. తాండ్ర పాపారాయుడు విజయరామరాజును చంపడం అందరికీ తెలిసిన కథే. సినిమా అక్కడ ఆగుతుంది, చరిత్ర ఆగలేదు.

విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనంద గజపతికి ఫ్రెంచివారితో పొసగలేదు. 1758లో లాలీ బుస్సీని దక్షిణానికి పిలిపించుకోగానే, అదే అదనుగా ఆనంద గజపతి ఇంగ్లీషువారికి కబురు పెట్టాడు. కలకత్తా నుంచి క్లైవ్ కల్నల్ ఫోర్డ్‌ను పంపాడు. ఆ డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఫ్రెంచివారు ఓడారు. 1759 ఏప్రిల్‌లో ఫోర్డ్ మచిలీపట్నం కోటను రాత్రిపూట ముట్టడించి పట్టుకున్నాడు. ఫ్రెంచివారికి సాయంగా వస్తున్న సలాబత్ జంగ్ అది చూసి మేలో ఇంగ్లీషువారితోనే సంధి చేసుకున్నాడు. సర్కారులు కంపెనీ చేతిలోకి పూర్తిగా రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది గానీ, తీరం ఎటు పోతుందో ఆ నాలుగైదు నెలల్లోనే తేలిపోయింది.

ఇటు మన వైపు లాలీ 1758 డిసెంబరులో చెన్నపట్నాన్ని ముట్టడించి, ఫిబ్రవరిలో ఇంగ్లీషు ఓడలు కనబడగానే వెనుదిరిగాడు. 1760 జనవరి 22న వందవాసి దగ్గర ఐర్ కూట్ చేతిలో ఓడాడు. మరుసటి ఏడాది పుదుచ్చేరి కూడా పోయింది. ఆ పాపం ఒక్కడి నెత్తిన వేయాలి కదా! 1766లో పారిస్‌లో లాలీ తల నరికేశారు.

1763 ఫిబ్రవరి 10న పారిస్ ఒప్పందం కుదిరింది. ఫ్రాన్సు కెనడాను వదులుకుంది. పుదుచ్చేరి, కారైకాల్, యానాం లాంటి ఊళ్లు మాత్రం వెనక్కి వచ్చాయి. యానాం నిన్నమొన్నటి దాకా ఫ్రెంచి పాలనలో ఎందుకుందని పిల్లలడిగితే చూపించవలసిన కాగితం ఇదే. అందులో మన పేర్లూ ఉన్నాయి. కర్ణాటక నవాబుగా మహమ్మదాలీని, దక్కను సుబేదారుగా సలాబత్ జంగ్‌ను రెండు దేశాలూ గుర్తిస్తున్నట్టు రాసుకున్నారు. అప్పటికే సలాబత్ జంగ్‌ను తమ్ముడు నిజాం అలీ గద్దె దించి బీదరు కోటలో పెట్టాడు! పారిస్‌కు ఇక్కడి సంగతి ఏపాటి తెలుసో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

అదే ఏడు మహమ్మదాలీ చెంగల్పట్టు సీమను కంపెనీకి జాగీరుగా ఇచ్చాడు. తిరువళ్లూరు వైపు కంపెనీ పాలన కిందికి వెళ్లింది అలాగే. 1766లో నిజాం అలీ సర్కారులను, 1800లో అదే నిజాం అలీ రాయలసీమను అప్పగించాడు. కార్వేటినగరం జమీందారీలోని తిరుత్తణి 1801లో నవాబు రాజ్యంతోపాటు వెళ్లింది. తెలంగాణ మాత్రం నిజాం కింద ఉండిపోయింది. తెలుగువాళ్లు రెండు ఏలుబడుల కింద చీలడమూ, కోస్తా, సీమ తెలుగువాళ్లు తమిళులతో ఒకే చెన్నపట్నం కచేరీకి తిరగడమూ అలా మొదలైంది. ఒక్క యుద్ధమే ఇదంతా చేసిందనడం అతి. కానీ వందవాసిలో ఫలితం తారుమారై ఉంటే ఈ వరస ఇలా నడిచేది కాదని మాత్రం అనగలం.

యుద్ధానికి చేసిన అప్పు తీర్చడానికి ఇంగ్లండు అమెరికా వలసలపై పన్నులు వేసింది. వాళ్లు తిరగబడ్డారు. 1778లో ఫ్రాన్సు వాళ్ల పక్షాన దిగింది. ఇక్కడ ఇంగ్లీషువారు 1779లో ఫ్రెంచివారి మాహేను పట్టుకున్నారు. తన రక్షణలో ఉన్న రేవును పట్టుకున్నారని హైదరాలీ మండిపడ్డాడు. 1780లో గుంటూరు వైపు నుంచి బెయిలీ దండు దిగివస్తూ కుశస్థలి ఒడ్డున విడిది చేసింది. పొద్దున దాటుదామనుకుంటే ఏరు పొంగింది. అంతే, పది రోజులు పోయాయి. పేరంబాక్కం దగ్గర టిప్పు అడ్డుకున్నాడు, పుల్లలూరులో ఆ దండు సర్వనాశనమైంది. పూండి జలాశయం చూసిన పిల్లలకు ఈ ఏరు తెలుసు. బోస్టన్ పన్నులకూ పేరంబాక్కానికీ గీత గీసి చూపిస్తే, ఆవులించేవాడు కూడా తల ఎత్తుతాడు.

కలిపిన పాలన పోయాక గీత గీయక తప్పలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉంది. పటాస్కర్ మధ్యవర్తిత్వం తర్వాత, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మదరాసు రాష్ట్రానికి వచ్చింది. తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాల నుంచి సత్యవేడు వైపు ఊళ్లు ఆంధ్రకు వెళ్లాయి. అంటే మనం ఇక్కడ ఎలాగో, సత్యవేడు తమిళులు అక్కడ అలాగే. ఈ మాట మన పిల్లలకు తప్పకుండా చెప్పాలి. లేకపోతే పాఠం పాత కక్షల చిట్టా అయిపోతుంది.

ఈసారి పాఠం అయ్యాక పిల్లలకు ఇంటిపని ఇచ్చాం. ఇంట్లో ట్రంకుపెట్టె తీయించి పాత దస్తావేజుల్లో జిల్లా పేరు చూసి రమ్మన్నాం. తిరుత్తణి దగ్గర ఒక ఇంట్లో తాత కాగితం మీద చిత్తూరు జిల్లా, తండ్రి కాగితం మీద చెంగల్పట్టు జిల్లా, మొన్నటి పట్టా మీద తిరువళ్లూరు జిల్లా అని ఉంది. సర్వే నంబరులో ఉన్న ఇల్లు ఒక్కటే. "మేం ఎక్కడికీ రాలేదు సార్, ఇక్కడే ఉన్నాం" అని ఆ పాప మిగతావాళ్లకు చూపించింది.

తల్లిదండ్రులకు ఒక మనవి. దస్తావేజు అసలు ప్రతిని బడికి పంపకండి. మొదటి పేజీ జెరాక్సు చాలు.