తెలుఁగు బైబిలునందలి కృపా ధర్మశాస్త్ర శబ్దములు

ఒక మతసిద్ధాంతము భాషాంతరమునఁ బ్రవేశించునపుడు, ఆ భాషయం దంతకుముందే స్థిరపడిన శబ్దముల నాశ్రయింపక తప్పదు. శబ్దమో, తన పూర్వార్థమును వెంటఁ గొనియే వచ్చును. మనుష్యునకు రక్షణము దైవకృపచేతఁ గలుగునే కాని విధినిషేధముల యనుష్ఠానముచేతఁ గలుగదనునది క్రైస్తవమతమునఁ బ్రధాన సిద్ధాంతము. పౌలు రోమీయులకును గలతీయులకును వ్రాసిన పత్రికలు దీనికి ముఖ్యాధారములు. కృష్ణాతీరవాసులు దీని నెట్లు గ్రహించిరో తెలియుటకు ధర్మశాస్త్రము, కృప, ఉచితము అను మూఁడు శబ్దములను విచారింపవలసి యున్నది.

గ్రీకుభాషలోని 'నోమస్' అను పదమునకుఁ దెలుఁగు బైబిలున 'ధర్మశాస్త్రము' అని వ్యవహారము. మూలమున నది ప్రధానముగా మోషే పేర వెలసిన యూదుల విధిసంహిత. తెలుఁగు పాఠకునకు మనుయాజ్ఞవల్క్యాది స్మృతులు స్ఫురించును. ఈ స్ఫురణమును గేవలము భ్రమయని త్రోసివేయరాదు. అంతియొకయలోఁ బేతురు అన్యజాతీయులతోఁ గలసి భుజించుచుండి, యాకోబు కడనుండి కొందఱు రాఁగానే భయపడి పంక్తినుండి తొలఁగెను. పౌలు ఆయనను ముఖాముఖి నాక్షేపించెను. ఈ వృత్తాంతము గలతీయపత్రిక రెండవ యధ్యాయమునఁ గలదు. కావున కృపకును విధికిని గల వివాదము సహపంక్తిని గూర్చిన వివాదముగాఁ గూడ నుండెను. ఈ విషయము తెలుఁగువారికి వివరించి చెప్పవలసినది కాదు.

రాబర్టు నోబిలు, హెన్రీ వాట్సన్ ఫాక్సు అను మిషనరీలు 1841లో మచిలీపట్టణము చేరిరి. నోబిలు 1843లో స్థాపించిన పాఠశాలనుండి 1852లో నగ్రవర్ణ విద్యార్థు లిరువురు బాప్తిస్మము పొందిరి. 1859లో రాఘవాపురవాసియు, మాలకులజుఁడును నగు పగోలు వెంకయ్య, బెజవాడలో నున్న డార్లింగు దొర బోధవలన నా మతమునఁ జేరెను. అగ్రవర్ణులకు ధర్మశాస్త్రము విడువవలసిన యధికారము. వెంకయ్యవంటివారికి మొదటినుండియు నిరాకరింపఁబడిన యధికారము. ఒకే వాక్యము మొదటివారితో 'నీ పుణ్యము లెక్కకు రాదు' అనియు, రెండవవారితో 'నీ జన్మము అడ్డము గాదు' అనియుఁ బలికెను. అయినను సంఘములలోఁ గులభేదము పెక్కుచోట్ల నిలిచియే యుండెను. అంతియొకయ ప్రశ్న కృష్ణాతీరమునను మరల నుదయించెనన్నమాట.

ఇఁకఁ గృపాశబ్దము. భిదాది గణమునఁ జేరిన 'క్రప' ధాతువునకు సంప్రసారణముతోడి యఙ్ ప్రత్యయమున, స్త్రీత్వవివక్షయందు 'కృపా' యను రూపము సిద్ధించును. పరుల దుఃఖమును జూచి మనస్సు కరఁగుట దీని భావము. గ్రీకుభాషలోని 'ఖారిస్' శబ్దమో, సంతోషార్థకమైన ధాతువుతో సంబంధము గలది. ప్రీతితో నిచ్చిన వరము దాని యర్థము. దుఃఖదర్శనజనితమైన దయకు గ్రీకున 'ఎలెయోస్' అను వేఱు పదము గలదు. దానిని దెలుఁగు బైబిలు 'కనికరము' అనును. ఈ రెండును జంటగాఁ బ్రయోగింపఁబడుటచేతఁ గృపకు వరార్థమే మిగులుచున్నది. ప్రసాదశబ్దము మూలార్థమునకు మఱింత సన్నిహితము. కాని వ్యవహారమున నది నైవేద్యశేషమునకు రూఢమైనది.

ఉచితశబ్దమున మఱింత జాగరూకత వలయును. సంస్కృతమున నుచితమనఁగాఁ దగినది. తెలుఁగున వెల లేనిది. రోమీయపత్రిక మూఁడవ యధ్యాయమున 'ఉచితముగా' నీతిమంతులగుట చెప్పఁబడెను. సంస్కృతార్థము గ్రహించినచో 'యోగ్యతకుఁ దగినట్లు' అని విపరీతార్థమే యేర్పడును. కళ్ళమునఁ బాలేరునకుఁ గొలిచి యిచ్చు ధాన్యము జీతము. అది వానికి రావలసిన ఋణము. పని చేయనివానికిఁ బెట్టినది దానము. పౌలు చెప్పిన భేద మిదియే.

ఎఫెసీయపత్రికయందుఁ గృపకుఁ 'జేత' అను తృతీయావిభక్తియు, విశ్వాసమునకు 'ద్వారా' అను పదమును వాడఁబడినవి. బెజవాడకడఁ గృష్ణనుండి వెడలు కాలువ పొలమునకు నీటిని జేర్చును గాని దానిని సృజింపదు. అట్లే విశ్వాసము రక్షణమునకు ద్వారము మాత్రమే. ఫలము నార్జించు మఱియొక కర్మము కాదు.

అట్లయినఁ బాపము చేయవచ్చునా యని పౌలే ప్రశ్నించి, కూడదని నిరాకరించెను. సత్కర్మము రక్షణమునకుఁ గారణము గాదు, కార్యము. ఫలము చెట్టును బ్రతికింపదు గాని, బ్రతికిన చెట్టు ఫలింపవలయును. శ్రీవైష్ణవులలో మార్జారకిశోర మర్కటకిశోర న్యాయముల వివాద మెఱిఁగిన వారికి దైవకృపా పురుషప్రయత్నముల చర్చ క్రొత్తది కాదు. అచటఁ బ్రశ్న పిల్ల తల్లిని బట్టుకొనవలయునా యనునది. ఇచటఁ బ్రశ్న, కృప పొందినవారు పంక్తిలో నెవరి ప్రక్కఁ గూర్చుందురనునది. వెల లేక లభించినదానికి వెల కట్టి, పరులను దూరముంచువాఁడు ఆ శబ్దార్థము నింకను గ్రహింపలేదనియే చెప్పవలయును.