మాదన్నపేట కుళాయికి కృష్ణమ్మ ఎలా ఎక్కింది?

నీళ్లొచ్చే వేళకు హైదరాబాద్‌లోని మాదన్నపేట గల్లీలో బిందెలు వరుస కడతాయి. కుళాయి ముందు బుస్సుమంటుంది, తర్వాతే ధార. ఎందుకు? సరఫరా ఆగితే ఖాళీ పైపులో గాలి చేరుతుంది. వచ్చే నీరు దాన్ని బయటికి నెడుతుంది.

ఆ నీళ్లు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించినవి. కృష్ణా నదిపై ఉన్న నాగార్జునసాగర్ నీటిని పుట్టంగండి దగ్గర మోటార్లతో ఎత్తి అక్కంపల్లి జలాశయంలో పోస్తారు. అక్కడ దారులు చీలతాయి: కొంత నల్లగొండ పొలాలకు, కొంత కోదండాపూర్ శుద్ధి కేంద్రానికి.

సాగర్ నిండుమట్టం 590 అడుగులు. హైదరాబాద్ దానికన్నా వెయ్యి అడుగులకు పైనే ఎత్తు. నీళ్లు వాటంతటవి ఎక్కవు కదా! అందుకే దారిపొడవునా మళ్లీ మళ్లీ పంపులు. నగరానికి నీళ్లిచ్చే జలమండలికి కరెంటు బిల్లు మోతే మరి! గున్‌గల్ జలాశయం చేరాక మాత్రం పల్లమే. నగరంలోని సాహెబ్‌నగర్ దాకా జారుడుబల్ల. 2004లో ఇలా తొలిసారి కృష్ణా నీరు నగరానికొచ్చింది.