మీకు తెలుసా? వేలంలో అమ్ముడైన హోమీ భాభా ఇల్లు

భారత అణు కార్యక్రమానికి పునాది వేసిన హోమీ జహంగీర్ భాభా నివసించిన బంగళా ముంబయిలోని మలబార్ హిల్‌పై ఉండేది. దాని పేరు మెహ్రంగీర్. తల్లి మెహర్‌బాయి, తండ్రి జహంగీర్ పేర్లను కలిపి పెట్టిన పేరది. మూడంతస్తులు, ఎదురుగా అరేబియా సముద్రం.

1966 జనవరి 24న మాంట్ బ్లాంక్ పర్వతం వద్ద జరిగిన విమాన ప్రమాదంలో భాభా మరణించాక ఆయన తమ్ముడు జంషెడ్ ఆ ఇంటిని చూసుకున్నారు. 2007లో కన్నుమూస్తూ ఇంటిని తాను పెంచి పోషించిన కళా సంస్థ, నారిమన్ పాయింట్‌లోని ఎన్‌సీపీఏకు రాసిచ్చారు. నాట్యం, సంగీతం, నాటకం కోసం నిధులు కావాలి కదా! 2014 జూన్‌లో సంస్థ ఇంటిని వేలం వేసింది. 372 కోట్ల రూపాయలు పలికింది.

ఆ ఇంటిని జాతీయ స్మారకంగా, మ్యూజియంగా మార్చాలని భాభా అణు పరిశోధన కేంద్రం ఉద్యోగులు కొందరు బాంబే హైకోర్టు దాకా వెళ్లారు. వాళ్ల కోరిక న్యాయమైనది. కళకు నిధులు అవసరమే అయినా, ఇంతటి శాస్త్రవేత్త ఇంటిని ప్రభుత్వమే కొని నిలబెట్టాల్సింది. కానీ అది జరగలేదు; 2016లో బంగళాను కూల్చేశారు.