పాత అంబాసిడర్‌కు కొత్త ఊపు: ఖర్చు కన్నా వరుస ముఖ్యం

కోల్‌కతా: నగరానికి చేరువలోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో హిందూస్థాన్ మోటార్స్ సంస్థ అంబాసిడర్ కార్ల ఉత్పత్తిని 2014 మేలో నిలిపివేసింది. అయినప్పటికీ ఈ కారును నిత్యావసరాలకు వినియోగిస్తున్నవారు దేశంలో ఇంకా ఉన్నారు. వీరిని ప్రధానంగా వేధించే సమస్య ఇంజను సత్తువ తగ్గిపోవడం. ఖరీదైన మార్పులు చేయకుండానే, కోల్పోయిన శక్తిలో అధిక భాగాన్ని తిరిగి రాబట్టుకునే అవకాశం ఉంది.

బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై రూపొందిన ఈ కారులో 1959 నుంచి 1489 సీసీ పెట్రోలు ఇంజనును అమర్చారు. 1990ల తొలినాళ్లలో 1817 సీసీ ఇసుజు ఇంజను ప్రవేశించింది. పాత ఇంజనులో నాలుగు సిలిండర్లకు గాలి, పెట్రోలు మిశ్రమం రెండే మార్గాల గుండా చేరుతుంది. అందువల్ల పెద్ద కార్బురేటర్ బిగించినా ఒనగూరే ప్రయోజనం స్వల్పమే. పైగా పాత మోడళ్లలో నాలుగు చక్రాలకూ ఉన్నవి డ్రమ్ బ్రేకులే. వేగం పెంచేముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం అవసరం.

ముందు కంప్రెషన్

మరమ్మతును కంప్రెషన్ పరీక్షతో ప్రారంభించాలి. ఒక సిలిండరులో ఒత్తిడి మిగిలినవాటికన్నా బాగా తక్కువగా ఉంటే రింగులు, వాల్వులు లేదా హెడ్ గాస్కెట్ దెబ్బతిన్నట్లు భావించాలి. ఆ లోపాన్ని సరిచేయకుండా ట్యూనింగ్‌కు వెచ్చించే సొమ్ము వృథాయే. దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే లభిస్తున్నది. వాల్వు సీట్లకు సీసం కల్పించిన రక్షణ దీంతో తొలగిపోయింది. హెడ్ విప్పినప్పుడే గట్టి లోహపు సీట్లు వేయించడం మేలు.

అనంతరం టాపెట్లు, ఆపై పాయింట్లు, ప్లగ్గులు సరిచేయాలి. పాత ఇంజనులో పాయింట్ల ఎడం సుమారు 0.38 మిల్లీమీటర్లు, ప్లగ్గు ఎడం సుమారు 0.64 మిల్లీమీటర్లు ఉండాలి. పాయింట్ల ఎడం మారితే టైమింగ్ కూడా మారుతుంది. కనుక టైమింగ్‌ను ఆ తర్వాతే కుదర్చాలి. కార్బురేటర్ వంతు చివరిది. వేడెక్కుతున్నదన్న నెపంతో థర్మోస్టాట్ తీసివేసే అలవాటు కొన్ని వర్క్‌షాపుల్లో ఉంది. దీనివల్ల ఇంజను తగినంత వేడెక్కక పెట్రోలు ఖర్చు, అరుగుదల రెండూ పెరుగుతాయి. శుభ్రపరచవలసింది రేడియేటర్‌ను.

ఇథనాల్ ప్రభావం

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడంతో మరో చిక్కు ఏర్పడింది. లీటరు ఇథనాల్‌లోని శక్తి పెట్రోలుకన్నా సుమారు మూడోవంతు తక్కువ. దానిలో ఆక్సిజన్ కూడా ఉండటంవల్ల కార్బురేటర్ అందించే మిశ్రమం పలుచబడి, ఇంజను తడబడుతుంది. జెట్టును కొద్దిగా పెద్దది చేయడం, పాత రబ్బరు గొట్టాలను ఇథనాల్‌ను తట్టుకునేవాటితో మార్చడం తప్పనిసరి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. కనుక కారును వారాల తరబడి కదపకుండా ఉంచితే ట్యాంకు తుప్పు పట్టే ప్రమాదముంది.

ఈ శ్రమ ఫలితం వేగానికే పరిమితం కాదు. 2000కు పూర్వపు పెట్రోలు కార్ల పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతానికి మించరాదు. మిశ్రమం చిక్కబడినా, ఒక ప్లగ్గు సరిగా మండకపోయినా కాలుష్య పరీక్షలో కారు విఫలం కావచ్చు. 15 ఏళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును కేంద్రం 2022 ఏప్రిల్‌లో రూ.600 నుంచి రూ.5,000కు పెంచింది. 50 ఏళ్లు పైబడిన వాహనాన్ని 2021 నిబంధనల కింద 'వింటేజ్'గా నమోదు చేయిస్తే, దానిని నిత్యం రోడ్లపై నడిపేందుకు వీలుండదు. కాగా పాత కారును రోజూ నడపదలచినవారికి అది ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గడమే కీలకం. అందుకు ఇంజను ఆరోగ్యమే తొలి మెట్టు.