సర్వపిండి తిందాం, బలం పెంచుకుందాం

నాటు వేసి వచ్చేసరికి పొద్దుగూకింది. పిల్లలు ఆకలి అంటున్నారు. ఏం చేద్దాం?

సుల్తానాబాద్ వైపు అందరికీ తెలిసిన తిండి సర్వపిండి. సర్వలో చేస్తాం, అందుకే ఆ పేరు.

పొద్దున పనికి పోయేముందే శనగపప్పు నానబెట్టండి. వచ్చినంక బియ్యంపిండిలో ఆ పప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, కారం, ఉప్పు వేయండి. పిడికెడు మునగాకు కూడా వేయండి. నీళ్లు పోసి ముద్ద కలపండి.

సర్వకు నూనె రాసి, ముద్దను పలుచగా వత్తండి. వేలితో బొక్కలు పెట్టి, నూనె చుక్కలు వేయండి. మూతపెట్టి సన్నమంట మీద ఎర్రగా కాల్చండి.

మునగాకులో ఇనుము ఉంది. రక్తానికి ఇనుము కావాలి. ఉల్లిగడ్డ మీద నిమ్మకాయ పిండి నంజుకోండి. ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ తాగకండి.

2019-21 సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో సగానికి పైగా రక్తం తక్కువ అని తేలింది. అందరికీ పెట్టి, మిగిలిన ముక్క తింటే మనకు బలం ఎట్ల వస్తది?

అక్కా, ఈసారి నీ వంతు ముందే తీసి పెట్టుకో.